దూరపు కొండలు

“దూరపు కొండలు నునుపు” అన్నారు మన పెద్దలు. దూరం నుంచి చూచేవారికి కొండ నీలంగా, నున్నగా కనిపిస్తుంది. దగ్గరికి పోయి కాలు మోపినవారికి గాని అందులోని రాళ్ళు, ముళ్ళు, లోయలు, ఊటలు తెలియవు. పరాయి ఊరిని, పరాయి ఉద్యోగాన్ని చూచి మోజుపడేవారిని హెచ్చరించడానికి మనం ఈ సామెతను వాడుతూ ఉంటాం. ఇది మన ఇళ్ళలోని మనుషులకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఒకే కప్పు కింద ఉంటూ కూడా తల్లిదండ్రులు, ఎదిగిన బిడ్డలు ఒకరికొకరు దూరపు కొండలై పోతున్నారు. వారిని మళ్ళీ దగ్గర చేయగల సాధనాలలో కలిసి కొండలలో నడవడం ఒకటి. అది ఎందుకు మంచి సాధనమో, దానికి ఏ హద్దులు అవసరమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖపట్నం వాసులకు కొండ కొత్తది కాదు. సముద్రంలోకి ముక్కు సాచినట్లున్న డాల్ఫిన్స్ నోస్ కొండ అండన మన రేవు ఉంది. 1933లో ఆ రేవులోకి ఓడల రాకపోకలు మొదలైననాటి నుంచి నేటివరకు పెనుగాలుల నుంచి దానిని కాస్తున్నది ఆ కొండే. బైలడిల్లా కొండలలో తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం వెంట సొరంగాలు దాటుకుంటూ ఈ తీరానికి దిగివస్తుంది. 1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారం కొలిమిలో కరుగుతున్నదీ ఆ కొండల రాయే. ఇంతగా కొండల మీద ఆధారపడి బ్రతుకుతున్న మనం వాటితో పెంచుకున్న పరిచయం మాత్రం చాలా తక్కువ. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్ళి ఫొటో తీసుకుంటాం. అరకుకు రైలులో వెళ్ళి కిటికీలోంచి లోయలు చూస్తాం. కొండను చూస్తున్నామే గాని కొండలో నడవడం లేదు.

మనుషుల విషయమూ ఇంతే. పదేళ్ళు వచ్చేవరకు బిడ్డ మన వేలు పట్టుకొని నడుస్తాడు. కనిపించిన ప్రతి వస్తువును గురించి అడుగుతాడు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ మాటలు ఒక్కటొక్కటే తగ్గిపోతాయి. బిడ్డ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగంలో చేరుతాడు. ఫోనులో “భోజనం చేశావా? ఆరోగ్యం ఎలా ఉంది? సెలవు ఎప్పుడు?” అనే మూడు ప్రశ్నలు మిగులుతాయి. ఇద్దరి మధ్య ప్రేమ తగ్గదు. కాని తండ్రి దృష్టిలో బిడ్డ ఇంకా పదేళ్ళవాడే, బిడ్డ దృష్టిలో తండ్రి ఇంకా అన్నీ తెలిసినవాడే. రెండూ అసత్యాలే. ఆ అసత్యాలను అలాగే నిలుపుకొంటూ ఇద్దరూ ఒకరి నుంచి మరొకరు బలహీనతలను దాచుకుంటారు. పండుగకు వచ్చి వెళ్ళే నాలుగు రోజులలో ఈ పొర తొలగిపోదు.

మన ప్రాచీన సాహిత్యంలో కొండకు వెళ్ళినవారి కథలు రెండు నాకు తరచుగా గుర్తుకు వస్తూ ఉంటాయి. ఒకటి అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ. ప్రవరుడు గుణవంతుడు. వృద్ధులైన తల్లిదండ్రులను సేవించుకొంటూ ఉండే గృహస్థు. సిద్ధుడొకడు ఇచ్చిన పాదలేపం పూసుకొని ఒక్క క్షణంలో హిమాలయం చేరుకున్నాడు. ఆ మంచునీటికి లేపం కరిగిపోయింది. వచ్చిన దారి కాలితో నడిచి తెలుసుకున్నది కాదు గనుక తిరిగి పోయే దారి అతనికి తెలియలేదు. ఇంటి వద్ద వేచి ఉన్నవారిని తలచుకొని కలవరపడ్డాడు. వరూధిని కథ ఆ తరువాత వచ్చినది. నడవకుండా చేరుకున్న చోటు నుంచి తిరిగి రావడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటె మంచి కథ లేదు.

రెండవది మహాభారతంలోని అరణ్యపర్వ కథ. అర్జునుడు దివ్యాస్త్రాల కోసం వెళ్ళిన కాలంలో మిగిలిన పాండవులు ద్రౌపదితో కలిసి గంధమాదన పర్వతానికి బయలుదేరారు. దారి దుర్గమమైనది. గాలివాన చెలరేగింది. అలసటతో ద్రౌపది మూర్ఛపోయింది. అప్పుడు మహాబలశాలియైన భీముడు చేసినది ఏమిటి? ఎదిగిన తన కొడుకును తలచుకున్నాడు. ఘటోత్కచుడు వచ్చి ద్రౌపదిని ఎత్తుకున్నాడు. అతని అనుచరులు పాండవులను మోశారు. సంస్కృత మూలంలో భీముడు కొడుకుకు చెప్పినది ముఖ్యంగా ఒక్కటే. ఆమెకు బాధ కలగకుండా మెల్లగా, తక్కువ ఎత్తున తీసుకొని వెళ్ళమన్నాడు. ఏ దారిన పోవాలో చెప్పలేదు. ఆ దారి కొడుకుకే బాగా తెలుసునని తండ్రికి తెలుసు. కొండ మీద తండ్రి బిడ్డపై ఆధారపడడం అవమానం కాదని మన ఇతిహాసం ఏనాడో అంగీకరించింది. దానిని అంగీకరించలేకపోయినవాణ్ణి నేనే.

మా అమ్మాయి ఇంజనీరు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేసేది. ఒక సంక్రాంతి సెలవులలో ఆమె, “నాన్నా, ముప్ఫై ఏళ్ళుగా హిమాలయాన్ని గురించి పాఠం చెబుతున్నావు. ఎప్పుడైనా చూశావా?” అని అడిగింది. చూడలేదన్నాను. “అయితే నడిచే వెళ్దాం” అన్నది. ఆమె తల్లికి మోకాళ్ళ నొప్పులు. “మీరిద్దరూ వెళ్ళండి. రోజూ ఒక్క ఫోను మాత్రం చేయండి” అని ఆవిడ పంపడానికి ఒప్పుకొన్నది. ఆమె పెట్టిన షరతు అదొక్కటే. ఫోను అందని చోటికి వెళ్తున్నామని మేము ఆ రోజు ఆమెకు చెప్పలేదు. అది మా తప్పు. తరువాత చెప్పి చీవాట్లు తిన్నాం.

ఆరు నెలలపాటు మన తూర్పు కనుమలలో నడక సాధన చేశాం. అనంతగిరి వైపు కాఫీ తోటలు దాటి, మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల మధ్య నుంచి అడవిలోకి పోయేవాళ్ళం. అనుమతి ఉన్న చోటికే, ఆ ఊరి గిరిజన పెద్ద ఒకాయన వెంట రాగా వెళ్ళాం. కాలిబాట లేని చోట ఎలా నడవాలో ఆయన వద్దనే నేర్చుకున్నాం. ఏటవాలును నిటారుగా ఎక్కకూడదని, అడ్డంగా వంకరలు తిరుగుతూ ఎక్కాలని చెప్పాడు. పాచి పట్టిన రాతిమీద అడుగు వేయవద్దన్నాడు. ప్రతి మలుపులోనూ ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూచుకోమన్నాడు. పోయేటప్పుడు కనిపించిన కొండ వచ్చేటప్పుడు అలాగే కనిపించదట. వెనక్కి తిరిగి చూచుకోనివాడికి తిరుగుదారి దొరకదట. ప్రవరుని కథకు ఇంత చక్కని వ్యాఖ్యానాన్ని నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. ఆయన బడికి పోయినవాడు కాదు.

2019 జూన్ నెలలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీకి, అక్కడి నుంచి బస్సులో మనాలికి చేరాం. మేము దాటదలచినది కులూ లోయ నుంచి లాహౌల్ ప్రాంతానికి పోయే హంప్తా కనుమ. దాని ఎత్తు సుమారు 4270 మీటర్లు. అప్పుడు నాకు యాభై రెండేళ్ళు, మా అమ్మాయికి ఇరవై అయిదు. ఇద్దరి వీపుల మీదా చెరొక సంచి. వెంట ఆ ప్రాంతంవాడైన ఒక యువకుడు దారి చూపడానికి వచ్చాడు. అడవి దాటి, గడ్డి మైదానం దాటి, రెండవనాటి సాయంత్రానికి బాలూ కా ఘేరా అనే చోట గుడారం వేశాం. అది సుమారు 3600 మీటర్ల ఎత్తు. చుట్టూ కొండలు, నడుమ ఇసుక మేట, పక్కన హోరుమని పారే వాగు.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పుకోవాలి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. 4000 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సుమారు అరవై శాతం మాత్రమే. మనవంటి సముద్రతీరవాసుల శరీరం దానికి అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది. 2500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలు కొందరిలో కనిపిస్తాయి. అవి కనిపించినప్పుడు ఇంకా పైకి పోరాదు. ఆగి విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోతే దిగిపోవాలి. నడక తడబడడం, మాట పొంతన తప్పడం మొదలైతే ప్రాణాపాయమే. అప్పుడు వెంటనే కిందికి దిగడమే మొదటి చికిత్స. వయసు, బలం, అనుభవం చూచి ఈ జబ్బు ఎవరినీ వదలదు.

ఆ రాత్రి నాకు తల పగిలిపోతున్నట్లు నొప్పి పుట్టింది. అన్నం సహించలేదు. అయినా మా అమ్మాయికి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూచిన మంచుకొండ రేపు కాళ్ళ కింద ఉంటుందన్న ఆశ ఒకవైపు. కూతురి ముందు చిన్నబోవడం ఇష్టంలేని అభిమానం మరొకవైపు. “ఎలా ఉంది నాన్నా?” అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ “బాగుంది” అన్నాను. ఇంట్లో బిడ్డలకు మనం చెప్పే చిన్న అబద్ధాలు ఇటువంటివే. ఇంట్లో వాటికి పెద్ద మూల్యం చెల్లించనవసరం లేదు. కొండ మీద అలా కాదు.

మరునాడు తెల్లవారకముందే బయలుదేరాం. ఆ సంవత్సరం మంచు ఇంకా కరగలేదు. కాలిబాట ఎక్కడుందో కనిపించడం లేదు. వాగు మీద పేరుకున్న మంచు కింద నీరు పారుతూ ఉంటుంది. పైన చూస్తే గట్టి నేల వలెనే ఉంటుంది. కాలు వేస్తే కూలిపోవచ్చు. అందువల్ల దారి చూపే యువకుడు వాగును విడిచి, ఎడమవైపు ఏటవాలు మీదుగా మంచులో గుంటలు తొక్కుతూ పోయాడు. అతని వెనుక మా అమ్మాయి, ఆమె వెనుక నేను. ఆమె ప్రతి పది నిమిషాలకూ ఆగి, “వెనక్కి చూడు నాన్నా” అనేది. అనంతగిరి పాఠాన్ని ఆమె మరువలేదు. నేను వెనక్కి చూడడం మానివేసి చాలాసేపయింది. నా అడుగు తడబడింది. ఒకసారి జారి కూర్చుండిపోయాను.

మా అమ్మాయి వెనక్కి వచ్చి నా ముఖంలోకి చూచింది. “నాన్నా, ప్రవరుడు హిమాలయాన్ని చూచిన పద్యం ఒకసారి చదువు” అన్నది. నేను నవ్వాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగల పద్యమది. మొదటి పాదం చదివాను. రెండవ పాదం సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఆమె ఇక ఏమీ అడగలేదు. యువకుని వైపు తిరిగి, “దిగిపోదాం” అన్నది.

కనుమ ఇంకా రెండు గంటల దూరంలో ఉంది. నాకు కోపం వచ్చింది. “ఇంతదూరం వచ్చి వెనక్కా? నాకు చెప్పేంతదానివయ్యావా?” అన్నాను. తరగతి గదిలో ముప్ఫై ఏళ్ళుగా నా మాటకు ఎదురు లేదు. ఆ అలవాటుతోనే అన్నాను. ఆమె కోపగించుకోలేదు, వాదించలేదు. “మా కర్మాగారంలో హెల్మెట్ లేకుండా వస్తే ఎంత పెద్ద అధికారినైనా గేటు దగ్గరే ఆపుతాం నాన్నా. అది అమర్యాద కాదు” అన్నది. నా సంచి తీసి తన ఛాతీకి తగిలించుకున్నది. తన సంచి వీపున ఎలాగూ ఉంది. రెండు సంచులతో నా ముందు నడుస్తూ, ఒక్కొక్క అడుగుకూ గుంట తొక్కి, అందులోనే కాలు వేయమంటూ నన్ను కిందికి దింపింది. నేను ఆ గుంటలలో కాళ్ళు పెడుతూ దిగాను. చిన్నప్పుడు రామకృష్ణా బీచిలో తడి ఇసుకపై నా అడుగులలో అడుగులు వేస్తూ నడిచిన పిల్ల ఆమెయే.

బాలూ కా ఘేరాలో ఆగకుండా ఇంకా కిందికి దిగాం. సాయంత్రానికి చెట్లు కనిపించే ఎత్తుకు చేరాం. తలనొప్పి తగ్గింది, ఆకలి వేసింది. పొయ్యి పక్కన కూర్చొని ఎవరూ అడగకుండానే పద్యం మొత్తం చదివాను. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. “పొద్దున నువ్వు ఆగిపోయినప్పుడు ఎంత భయపడ్డానో తెలుసా?” అన్నది. రాత్రి నుంచే నొప్పి ఉందని నేను ఒప్పుకున్నాను. తాను కూడా మొదటి రాత్రి నిద్రపోలేదని, నన్ను తీసుకొని వచ్చి తప్పు చేశానేమోనని దిగులుపడుతూ పడుకున్నానని ఆమె చెప్పింది. ఇద్దరం అబద్ధమాడుకున్నామని ఆ పొయ్యి దగ్గర తెలిసింది. ఇంట్లో ఇరవై అయిదేళ్ళు కలిసి ఉండి ఎన్నడూ మాట్లాడుకోని విషయాలు ఆ రాత్రి మాట్లాడుకున్నాం. ఆమె ఉద్యోగంలోని భయాలు నేను మొదటిసారి విన్నాను. నా పదవీ విరమణ గురించిన దిగులు ఆమె మొదటిసారి విన్నది.

హంప్తా కనుమను మేము దాటలేదు. అటువైపు చంద్రా నదిని చూడలేదు. అయినా ఆ యాత్ర విఫలమైనదని నేను అనుకోను. అది నాకు నేర్పిన విషయం మన రేవులో ప్రతిరోజూ జరుగుతున్నదే. సముద్రాలు దాటి వచ్చిన ఓడ రేవు ముందు ఆగుతుంది. దాని కెప్టెన్ ఎంత అనుభవశాలి అయినా ఇరుకైన కాలువలోకి ఓడను తానే నడపడు. రేవుకు చెందిన పైలట్ పడవలో వెళ్ళి ఓడ ఎక్కుతాడు. ఆ నీటి లోతు, ఆ గాలి తీరు, ఆ మలుపు అతనికి తెలుసు. అతడు చెప్పినట్లు ఓడ కదులుతుంది. అంతమాత్రాన కెప్టెన్ పదవి పోదు, గౌరవం పోదు. ఓడ బాధ్యత అతనిదే. కాని ఆ కాస్త దూరంలో దారి తెలిసినవాని మాట వినడమే అతని బాధ్యతలో భాగం. తండ్రీబిడ్డల మధ్య కూడా ఇటువంటి మర్యాద ఏర్పడాలి. ఎవరు పెద్ద అన్నది వయసు నిర్ణయిస్తుంది. ఏ పూట ఎవరు ముందు నడవాలన్నది తెలివిడి నిర్ణయించాలి.

ఈ మాటకు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది ప్రమాదం. అది నిజమైన అభ్యంతరం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో ఎగువ నుంచి వదిలిన నీటి ఉద్ధృతికి హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం తెలుగువారు ఎవరూ మరువలేనిది. నెల్లూరు జిల్లాలో పుట్టి, మనకు సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కాడు. అదే పాఠశాల పూర్వ విద్యార్థి, 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించిన ఉదయ్ భాస్కర్‌రావు స్మృతి అతనికి స్ఫూర్తినిచ్చింది. అంతటి మస్తాన్‌బాబు కూడా 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. కొండ ఎవరి ప్రతిభనూ లెక్కచేయదు.

అందుచేత కొండలకు పోవద్దని నేను అనను. తెలియకుండా పోవద్దంటాను. బాట విడిచి నడవడం సాహసమని కొందరు యువకులు పొరబడుతున్నారు. బాట తెలిసినవారిని వెంటబెట్టుకోకుండా బాట విడవడం సాహసం కాదు, అవివేకం. అనుమతి తీసుకోవాలి. స్థానికుని మాట వినాలి. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడు తిరిగి వస్తామో ఇంట్లో నిజం చెప్పాలి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా బయలుదేరరాదు. 3000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి పడుకున్న చోటి కంటె మరునాటి రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకుండా చూచుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, జట్టులో ఎవరు “దిగుదాం” అన్నా దిగాలన్న ఒప్పందం బయలుదేరకముందే చేసుకోవాలి. ఈ చివరి నియమాన్ని మేము ముందుగా చేసుకోలేదు. చేసుకొని ఉంటే ఆ మంచులో నేను ఆ మాట అని ఉండేవాణ్ణి కాదు.

రెండవ అభ్యంతరం ఖర్చు. హిమాలయ యాత్ర అందరికీ సాధ్యమైనది కాదు. కాని హిమాలయమే కావాలని నియమం లేదు. ప్రతి ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచల గిరి ప్రదక్షిణ జరుగుతుంది. ముప్ఫై రెండు కిలోమీటర్ల నడక. లక్షలాది జనం రాత్రంతా నడుస్తారు. ఆ జనంలో తల్లి చెప్పులు చేతపట్టుకొని నడిచే కొడుకులను, అలసిన కూతురికి మజ్జిగ తాగించే తల్లులను నేను ఎన్నోసార్లు చూచాను. రేవు కూలీలు, ఉక్కు కార్మికులు, చేపలు అమ్ముకొనేవారు అందులో ఉంటారు. అది బాట ఉన్న నడకే, దీపాలు ఉన్న నడకే. అయినా ఒక రాత్రంతా తల్లీబిడ్డలు పక్కపక్కన నడిచే అవకాశం మన జీవితాలలో ఇంకెక్కడ లభిస్తున్నది?

మూడవది, ఇదంతా కీర్తి కోసం చేసే పని అన్న అపోహ. 2018 మేలో అజీత్ బజాజ్, దియా బజాజ్ అనే తండ్రీకూతుళ్ళు కలిసి ఎవరెస్టు ఎక్కారు. 2024 మేలో నౌకాదళ అధికారి కార్తికేయన్, ఆయన కుమార్తె కామ్య కలిసి అదే శిఖరం చేరారు. ఆ వార్తలు చదివి మనం గర్వించవలసినదే. కాని శిఖరం మీద నిలబడిన ఫొటో వెనుక ఎన్ని రోజుల నడక, ఎంత పరస్పర విశ్వాసం ఉంటాయో ఆలోచించాలి. 2014 మే 25న పదమూడేళ్ళ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాదు జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీలైన ఆమె తల్లిదండ్రులు ఆ కొండను చూడలేదు. బిడ్డను నమ్మి పంపారు. వెంట నడవలేని తల్లిదండ్రులు బిడ్డకు ఇవ్వగల తోడు ఆ నమ్మకమే.

విద్యార్థులారా! మీలో చాలామందికి ఇప్పుడు పదహారు, పదిహేడేళ్ళు. ఇంకా నాలుగైదేళ్ళలో మీరు మీ తల్లిదండ్రులకంటె వేగంగా నడుస్తారు, కొన్ని విషయాలు వారికంటె ఎక్కువ తెలుసుకుంటారు. అప్పుడు రెండు పనులు మీ చేతులలో ఉంటాయి. వారిని వెనుక వదలి ముందుకు పోవడం ఒకటి. వారి అడుగుకు తగినట్లు మీ అడుగును తగ్గించుకొని ముందు నడవడం మరొకటి. రెండవది కష్టం. ఘటోత్కచునికి కూడా బలం చూపడం తేలిక, మెల్లగా మోయడమే కష్టం అయి ఉంటుంది. ముందు నడిచేవారు వెనుకవారిని గద్దించకూడదు. “నీకేమీ తెలియదు” అనకూడదు. మా అమ్మాయి నన్ను పద్యం అడిగిందే గాని, “నీకు మతి పోయింది” అనలేదు.

నా వయసు తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మన బిడ్డల వేలు మనం వదిలిన రోజు మనకు గుర్తు ఉండదు. వారి వేలు మనం పట్టుకోవలసిన రోజు మాత్రం వస్తుంది. ఆసుపత్రి మంచం మీదనో, కదలలేని ముదిమిలోనో మొదటిసారి పట్టుకోవడం కంటె, కాళ్ళలో సత్తువ ఉండగానే ఒక కొండ మీద పట్టుకొని అలవాటు చేసుకోవడం మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆ యాత్ర తరువాత కూడా మా ఇంట్లో వాదనలు ఆగలేదు. కాని ఒక మార్పు వచ్చింది. “ఎలా ఉంది నాన్నా?” అని ఆమె అడిగితే, నొప్పి ఉన్ననాడు ఉందని చెబుతున్నాను. నేను అడిగినప్పుడు ఆమె కూడా నిజమే చెబుతున్నది. ఏటా చలికాలంలో ఒకసారి ఇద్దరం అనంతగిరి వైపు వెళ్ళి వస్తున్నాం. బరువు సంచి ఆమె మోస్తుంది. మంచినీళ్ళు, అటుకుల పొట్లం నేను మోస్తాను. ఆమె ముందు నడుస్తుంది. మలుపు వచ్చిన ప్రతిసారీ ఇద్దరం ఆగి వెనక్కి చూచుకుంటాం.